ఈశాన్యం పల్లం

ఆ గదిని మళ్ళీ అద్దెకిచ్చారు.

గోడలకు కొత్త రంగు వేశారు. నేలమీద కొత్త చెక్కపలకలు పరిచారు. తడివాసన పోయేదాకా పెద్ద పెద్ద ఫ్యాన్లు తిప్పారు. మొన్న మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రకటన వచ్చింది. "కాలేజీకి, బస్‌స్టాప్‌కి వాటంగా ఉన్న బేస్‌మెంట్. ఈశాన్య ప్రవేశం. అమ్మాయిలకు మాత్రమే." దాని కింద ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు. ఇంకెవరో "స్టిల్ అవైలబుల్?" అని అడిగారు.

ఆ గదిలో ఒక మనిషి పోయింది. ఆ సంగతి ప్రకటనలో లేదు.

ఆ మనిషి పేరు నేను రాయను. పేరు రాస్తే చదివినవాళ్ళు ఫోనులో వెతుకుతారు. వార్తలో రెండు వాక్యాలు కనపడతాయి. ఓహో, ఇంతేనా అనుకుంటారు. ఇంతే కాదు. మా ఊరి పేరూ రాయను. టొరంటో పక్కన సరస్సు ఒడ్డున ఇలాంటి ఊళ్ళు వరసగా ఉన్నాయి. చదివిన ప్రతివాడూ ఇది తన ఊరేనేమోనని ఉలిక్కిపడితే నాకు సంతోషం.

ముందు ఆ 'వాటం' సంగతి చెప్పాలి. ప్రకటనలో ఆ మాట చూసి నా ఒళ్ళు మండిపోయింది. మామూలుగా మనం వాటం అంటే వీలు, అనువు అనుకుంటాం. తాపీపనివాళ్ళకు అది వేరు. నేల పరిచేటప్పుడు నీళ్ళు ఒక మూలకు జారేలా, కంటికి ఆనని వాలు పెడతారు. అదీ వాటం. నీళ్ళు పోసి ఇల్లు కడుక్కునే మనకు వాటం లేని ఇల్లు ఇల్లే కాదు. ఆ అమ్మాయి తండ్రి ఉప్పాడ తీరాన తాపీమేస్త్రి. అమ్మ, నాన్న అన్న మాటల తర్వాత ఆమెకు వచ్చిన మూడో మాట అదేనని ఆమే చెప్పేది. అలాంటి మాటని ఆమె పోయిన గదికే బోర్డులా తగిలించారు.

నేను ఈ ఊళ్ళో సిటీబస్సు నడిపి రిటైరయ్యాను. చదివింది ఏడో తరగతి, అదీ దివిసీమలో. ఉప్పెన తర్వాత ఊళ్ళో ఉండబుద్ధి కాక బావగారి వెంట ఈ దేశం వచ్చాను. మిగతా చదువంతా ఇక్కడి లైబ్రరీలోనూ, ఆఖరి స్టాపులో బస్సు ఆగినప్పుడల్లా స్టీరింగు మీద పుస్తకం ఆనించుకునీ చదివిందే. రిటైరయ్యాక కూడా ఆ బుద్ధి పోక, రోజూ కాసేపు మా వీధి చివరి స్టాపులో కూర్చుని కొత్త డ్రైవర్లు బస్సు ఎలా ఆపుతున్నారో చూసి తిట్టుకునేవాణ్ణి.

ఆ రోజుల్లో స్టాపులో నిలబడడానికి చోటుండేది కాదు. ఎక్కడెక్కడి పిల్లలో! పంజాబీలు, గుజరాతీలు, మలయాళీలు, మన పిల్లలు. వీపున సంచీ, చేతిలో ఫోను, కళ్ళ నిండా నిద్ర. అడిగిన ప్రతివాడికీ కాలేజీలు సీటిచ్చాయి. ఫర్నిచర్ కొట్టు మూతపడితే ఆ చోట ఒక కాలేజీ వెలిసింది. ఇంతమంది పిల్లలూ ఎక్కడ పడుకుంటారన్న పాఠం మాత్రం ఏ కాలేజీలోనూ లేదు.

ఒకరోజు నేను "మలుపులో అలా తొక్కుతావేంట్రా బ్రేకు, లోపలున్నవి బియ్యం బస్తాలా, మనుషులా?" అని గొణుక్కుంటున్నాను.

"అంకుల్ గారూ, మీరు తెలుగాండీ?"

పక్కకు తిరిగి చూశాను. అందరూ బస్సు వచ్చే వైపు చూస్తుంటే ఈ పిల్ల ఒక్కతీ నేలవైపు చూస్తోంది. సన్నగా, నల్లగా, తన ఒంటికి రెండింతలున్న పాత కోటులో ఉంది.

"అయితే ఇదోసారి చూసి చెప్పండి. ఈ మురుక్కాలవ జాలీ రోడ్డుకంటే ఎత్తులో ఉందండి. నీళ్ళు ఎగిరి దూకాలాండీ ఇందులోకి?"

వాన పడితే అక్కడ మడుగు కట్టడం, ఎక్కేవాళ్ళ కాళ్ళు తడిసి డ్రైవర్ని తిట్టడం నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళూ ఆ తిట్లు తిన్నది నేను. తినవలసినవాడు వేరే ఉన్నాడని ఆరోజే తెలిసింది.

"ఈ ఊరికి వాటం లేదండి," అని తేల్చేసింది. అంతలో బస్సు వచ్చింది, వెళ్ళింది. ఆమె ఎక్కలేదు. వంగి జాలీని ఫోటో తీసుకుంటూ ఉండిపోయింది. అది ఆమెకు మామూలేనని తర్వాత అర్థమైంది. ఏ బస్సూ టైముకి ఎక్కిన మనిషి కాదు. క్లాసుకి ఆలస్యం, పనికి ఆలస్యం, భోజనానికి పిలిస్తే టీ వేళకి వచ్చేది.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చేసిన పని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. చెప్పులు విప్పింది. మంచినీళ్ళు అడిగింది. తాగగా గ్లాసు అడుగున మిగిలిన గుక్కెడు నీళ్ళూ వంటింటి నేలమీద పోసింది.

"అయ్యో అయ్యో, చెక్క ఉబ్బుతుందే పిల్లా!" మా ఆవిడ గుడ్డ కోసం పరిగెత్తింది.

"ఒక్క నిమిషం ఆంటీ గారూ. వాటం చూద్దాం."

ముగ్గురం నడుములు వంచి చూశాం. నీళ్ళు పోసినచోటే రూపాయి బిళ్ళలా నిలబడి ఉన్నాయి.

"చూశారాండీ? ఇక్కడ ఇల్లు కట్టినోళ్ళు నీళ్ళు కుళాయిలోంచి తప్ప ఇంకెక్కడినుంచీ రావనుకున్నారండి," అని తన చున్నీతోనే తుడిచేసింది.

ఎండుచేపల్లో నెత్తళ్ళంటే ఆమెకు ప్రాణం. గదిలో తోటి అమ్మాయిలు వాసనకి గొడవపెడితే మా ఇంటికి తెచ్చుకుని వేయించుకునేది. బాణలి పొయ్యిమీద పెట్టగానే గోడమీది పొగ అలారం కీచుకీచుమని అరిచేది. మా ఆవిడ తువ్వాలు పట్టుకుని దానికింద విసిరేది, నేను కిటికీలు తీసేవాణ్ణి, ఈ పిల్ల అట్లకాడ చేత్తో పట్టుకుని పడీపడీ నవ్వేది. ముందు పన్ను కొంచెం విరిగి ఉండేది. అందుకని నవ్వినప్పుడల్లా మణికట్టుతో నోరు కప్పుకునేది.

"పొగకి గంట పెట్టారు గానీ, నీళ్ళకి పెట్టలేదండి వీళ్ళు," అంది ఒకసారి. అప్పుడు మేమూ నవ్వాం.

వాళ్ళ ఊరు సముద్రం కోతలో పోతున్న ఊరు. "మా ఊరు ఒకచోట కూర్చోదండి. వెనక్కి నడుస్తూ ఉంటుంది," అనేది. వాళ్ళ నాన్న కట్టిన వీధులు వాళ్ళ నాన్న చూస్తుండగానే నీళ్ళలోకి జారిపోయాయి. "మా నాన్న కట్టిన ఇళ్ళు సగం ఇప్పుడు చేపలకి అద్దెకున్నాయండి. అద్దె వసూలు కావట్లేదు, అదే బాధ." ఇంకోమాట కూడా చెప్పింది. అది చెప్పినప్పుడు నవ్వలేదు. "మా నాన్న ప్రతి ఇంటికీ వాటం సముద్రం వైపే పెట్టేవాడండి. నీళ్ళు అటుపోతే మంచిది కదా అని. సముద్రం ఆ వాటమే పట్టుకుని లోపలికొచ్చేసిందండి."

అందుకే వచ్చింది ఈ దేశం. కాకినాడలో ఇంజనీరింగు చదివి, నీళ్ళ పక్కన ఊళ్ళు కట్టడం నేర్చుకుందామని. పెద్ద పేరున్న కోర్సు. పాఠాలు చాలావరకు కంప్యూటర్లోనే. సరస్సు ఒడ్డున ఆకాశాన్నంటే మేడలు, బాల్కనీల్లో చెట్లు, సైకిళ్ళమీద తెల్ల పిల్లలు, అన్నీ బొమ్మల్లో చూపించేవాళ్ళట. జనం పెరుగుతున్నారు, ఎండలూ వానలూ మారిపోతున్నాయి, రెంటికీ సరిపోయే నగరం గీసుకురండి అన్నారట. ఈమె మా వాగు సరస్సులో కలిసే పల్లాన్ని తీసుకుని గీసింది. బల్లమీద పరిచి నాకు చూపించింది. మెరకన ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నాయి. పల్లం మాత్రం అంతా ఖాళీ.

"ఇక్కడేం లేదేమ్మా?"

"అది వాగు బెడ్‌రూమండి. ఏడాదిలో రెండు మూడుసార్లు వచ్చి పడుకుంటుంది. దానికీ ఓ గది ఇవ్వాలి కదండీ. ఇవ్వకపోతే మన గదిలోకొస్తుంది."

మాస్టారు బాగుందన్నాడట. కానీ అడిగినన్ని ఇళ్ళు రాలేదని మార్కులు కోశాడట. "ఆయన తప్పేం లేదండి. ఆయనకి పైనోళ్ళు అంతే చెప్పుంటారు," అని కాగితం చుట్టేసింది. 'నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు' అని మనకో సామెత ఉంది. ఆమె మొదటి సగమే చెప్పేది. రెండోది ఎందుకు వదిలేశావంటే, "నిజం సంగతి దేవుడు చూసుకుంటాడు లెండి. పల్లం సంగతి మనం చూసుకుందాం," అనేది. దేవుడూ చూసుకోలేదు. పల్లం సంగతి మమ్మల్నీ చూసుకోనివ్వలేదు.

ఇక ఆ ఇల్లు. మా వీధి మెరకన మేముంటాం. కింది చివర, వాగు పక్కన ఆ ఇల్లుంది. నేను వచ్చిన కొత్తలో అక్కడ ఇళ్ళు లేవు. మంచు కరిగే రోజుల్లో వాగు ఒడ్డు దాటి వచ్చి ఆ బయల్లో పరుచుకునేది. బాతులు దిగేవి. తర్వాత మట్టి పోశారు, వాగుని సిమెంటు కాలవలో బిగించారు, ఇళ్ళు కట్టారు. బాతులు మాత్రం ఇప్పటికీ ఏటా వచ్చి ఆ ఇళ్ళ ముందు గడ్డిలోనే దిగుతాయి. బాతులకున్న జ్ఞాపకం ఊరిని ఏలేవాళ్ళకు లేదు.

ఆ ఇంటి యజమాని మనవాడే. ఇళ్ళు అమ్మిపెట్టే రియల్టరు. మా తెలుగు సంఘంలో ఏ సభ జరిగినా మైకు దగ్గరుంటాడు. నన్ను "బాబాయ్ గారూ" అంటాడు. వాస్తు చూడందే ఏ ఇల్లూ కొనడు, కొననివ్వడు. అక్కడి తెల్లవాళ్ళు తడికి జడిసి ఇళ్ళు అమ్ముకుంటుంటే, మనవాళ్ళు వాస్తుకి మురిసి పోటీలుపడి కొన్నారు. "చూడండి బాబాయ్ గారూ, ఈశాన్యం పల్లం, నైరుతి మెరక. పైగా ఈశాన్యంలో పారే నీరు! ఈ దేశంలో ఇలాంటి స్థలం రాసిపెట్టి ఉండాలి," అని గృహప్రవేశంనాడు చెయ్యి ఊపి చూపించాడు. చేతి చివర వాగు ఉంది.

ఆ తర్వాత బేస్‌మెంటును పిల్లలకు అద్దెకివ్వడానికి బయటినుంచి వేరే దారి కావలసివచ్చింది. దాన్నీ ఈశాన్యంలోనే తవ్వించాడు. ఈశాన్యంలో పైకి ఎక్కే మెట్లు పనికిరావట గాని, గొయ్యి మహా మంచిదట. అలా వాగు వైపు మొహం పెట్టి, నేలలోకి దిగే మెట్లు, మెట్ల అడుగున తలుపు. లోపల మంచాలకంటే మనుషులు ఎక్కువ. షిఫ్టుకి వెళ్ళినవాళ్ళ మంచం షిఫ్టు నుంచి వచ్చినవాళ్ళది.

"ఈశాన్యంలో నుయ్యి ఉండాలంటారు కదండీ," అంది ఈమె. "ఇంటాయన మెట్లనుకుని నుయ్యే తవ్వించారు."

ఆ మాట మాతో అని ఊరుకోలేదు. ఆయన మొహంమీదే అంది. ఆయన పెద్దగా నవ్వి, "అమ్మాయికి కామెడీ ఎక్కువే," అన్నాడు.

మునిసిపాలిటీవాళ్ళు సరస్సు ఒడ్డున కట్టబోయే కొత్త నగరం నమూనాను కమ్యూనిటీ సెంటరులో ప్రదర్శనకు పెట్టారు. ప్రజలు వచ్చి అభిప్రాయాలు చెప్పాలని పిలిచారు. ఒక శనివారం మధ్యాహ్నం ఆమె నన్ను లాక్కెళ్ళింది. కాఫీ, బిస్కెట్లు, అభిప్రాయాలు రాయడానికి రంగు చీటీలు ఉన్నాయి. మధ్యలో పెద్ద బల్లమీద నగరం. అద్దాల మేడలు, స్పంజి చెట్లు, గోరంత మనుషులు, నీలం రంగు అద్దంలా సరస్సు. పక్కన కుర్ర కన్సల్టెంటు, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ.

ఈమె బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. కింద కూర్చుని బల్ల అడుగు చూసింది. లేచి, ఇంగ్లీషులో చాలా మర్యాదగా అడిగింది.

"ఇందులో బేస్‌మెంట్లు ఎక్కడున్నాయండి?"

"నమూనాలో నేలకు పైన ఉన్నవే చూపిస్తాం," అన్నాడతను.

"నేనుండేది కిందండి. అయితే ఇందులో నేను లేనన్నమాట."

అతను ఇంకా నవ్వాడు. ఆమె సంచీలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పింది. "మే ఐ?" అంది. తాగుతుందనుకున్నాడు పాపం. "ప్లీజ్," అన్నాడు. ఆమె ఆ నగరం నడిమధ్యన నీళ్ళు వంచింది.

నేనూ చూశాను. నీళ్ళు సరస్సుకి పోలేదు. మేడల మధ్యన పరుచుకున్నాయి, స్పంజి చెట్లు కాసిని పీల్చాయి, గోరంత మనుషులు ఒరిగారు, మిగతావి బల్ల అంచు దాటి అతని బూట్లమీద పడ్డాయి.

"బల్ల చదునుగా చేశారండి," అంది ఆమె నాతో తెలుగులో, చాలా నిరాశగా. "నీళ్ళు ఎటు పోవాలో అనుకోనేలేదు."

సెక్యూరిటీ మనిషి వచ్చి మా ఇద్దరినీ తలుపుదాకా సాగనంపాడు. నేనేమో ఎగిరాను: ముప్ఫయ్యేళ్ళు ఈ ఊరిని మోశాను, ఈ రైలుబ్రిడ్జి కింద వాననీళ్ళలో నా బస్సు పడవైన రోజు మీరెవరూ పుట్టలేదు అని అరిచాను. ఆమె మాత్రం గుమ్మందగ్గర ఆగి, ఒక రంగు చీటీ అడిగి తీసుకుని, దానిమీద ఒక్కవాక్యం రాసి అంటించి వచ్చింది. 'దయచేసి కింద ఉన్నవాళ్ళని కూడా గీయండి.'

ఇక తలుపు. ఇది నేను మర్చిపోదామన్నా మర్చిపోలేనిది.

ఒకరోజు వచ్చీరాగానే మా వంటింటి పక్కన సామాన్లగదిలోకి దూరి తలుపు వేసుకుంది. అది బయటికి తెరుచుకునే తలుపు. "అంకుల్ గారూ, మీరు బయటినుంచి తలుపుకి ఆనుకోండి. మీరు వాగండి. నేను నేనే," అని అరిచింది లోపలినుంచి.

ఆనుకున్నాను. ఆమె లోపలినుంచి తోసింది. తలుపు కాస్త కదిలింది.

"వాగు ముసలిదైపోయిందండి! ఆంటీ గారూ, మీరూ రండి!"

మా ఆవిడ నవ్వాపుకోలేక వచ్చి నా పక్కన ఆనుకుంది. లోపల భుజంతో గుద్దడం, కాలితో తన్నడం వినిపించాయి. తలుపు వెంట్రుకవాసి కదలలేదు. కాసేపటికి చప్పుడు ఆగింది.

"చాలండి. తీయండి," అంది.

బయటికి వచ్చి చెమట తుడుచుకుంది. "అదండీ మా గది తలుపు. మెట్ల గోతిలో నడుమెత్తు నీళ్ళు నిలబడితే చాలు. బయటికి తెరుచుకునే తలుపు ఇక తెరుచుకోదు. లోపలికి తెరుచుకునేదైతే నీళ్ళే తీసిపెడతాయి. మునిగి తేలైనా బయటపడతాం."

ఆ సాయంత్రమే నేను వెళ్ళి ఆ ఇంటాయన్ని అడిగాను. కారు కడుక్కుంటున్నాడు.

"తలుపు లోపలికి తెరిస్తే ఒక మంచం తగ్గుతుంది బాబాయ్ గారూ," అన్నాడు పైపు ఆపకుండా. "అసలు ముందు లోపలికే ఉండేది. నేనే తిప్పించా. మన పిల్లలు రోడ్డుమీద ఉంటే చూడలేక కదా ఇంకో మంచం వేశాను? పైగా నీళ్ళు తోడేసే సంప్ పంప్ పెట్టించా, బ్రాండ్ న్యూ. మీరు పెద్దవారు, బీపీ పెంచుకోకండి."

"కరెంటు పోతే పంపు ఏం చేస్తుందయ్యా?"

"కెనడాలో కరెంటెందుకు పోతుందండీ?"

ఆమె మునిసిపాలిటీకి ఫిర్యాదు పెట్టింది. తనిఖీ అధికారి వచ్చినప్పుడు ఆమె క్లాసులో ఉంది. తలుపుకి చీటీ అంటించి వెళ్ళాడు. ఆమె ఫోన్ చేస్తే, ఫలానా రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎప్పుడైనా వస్తాం, మీరు ఇంట్లో ఉండాలి అన్నారు. ఆ రోజు సెలవు పెట్టి కూర్చుంది. ఎవరూ రాలేదు. మరో రోజు వచ్చాడు, ఆమె పనిలో ఉంది. నేను అక్కడ కూర్చుంటానంటే కుదరదన్నారు. ఫిర్యాదు పెట్టిన మనిషే తలుపు తీయాలట. గది మారదామని కూడా చూసింది. ప్రతి ప్రకటన కిందా వందమంది. దొరికినవన్నీ బేస్‌మెంట్లే. "ఏ నూతిలో ఉంటే ఏంటండీ," అంది. ఆమె నోట అలాంటి మాట అదొక్కటే విన్నాను.

జూలైలో ఒక మధ్యాహ్నం వాన పడింది. ఆమె రాత్రంతా పక్క ఊరు మిస్సిసాగాలో ఒక గోడౌనులో పెట్టెలు మోసి, పొద్దున వచ్చి పడుకుంది. మిగతా అమ్మాయిలు పనుల్లో ఉన్నారు. వాగు సిమెంటు కాలవ దాటింది. కరెంటు పోయింది. వాగు తన పాత పక్కమీదికి వచ్చి, ఈశాన్యం పల్లం కదా, ఆ మెట్లు దిగి తలుపుకి ఆనుకుంది.

నేను వెళ్ళేసరికి ఫైరువాళ్ళు కిటికీ పగలగొడుతున్నారు. గడ్డిని ఒరుసుకుని ఉండే చిన్న కిటికీ. పిల్లి దూరుతుంది. మనిషి దూరదు.

సాయంకాలానికి ఎండ కూడా కాసింది. బాతులు దిగాయి.

టీవీలో 'నూరేళ్ళకోసారి వచ్చే వాన' అన్నారు. నేను ఈ ఊళ్ళో అలాంటి నూరేళ్ళు చాలా చూశాను. ఈ మధ్య వీళ్ళ నూరేళ్ళు మరీ తొందరగా నిండిపోతున్నాయి. మా దివిసీమలోనూ గాలివాన వల్లే పోయారని విన్నాను. చచ్చినవాళ్ళంతా పల్లంలో గుడిసెలవాళ్ళే ఎందుకయ్యారో ఆ గాలికే తెలియాలి.

సంతాపసభలో మైకు పట్టుకున్నది ఆ ఇంటాయనే. "మా ఇంటి ఆడపడుచులా తిరిగేది," అని కళ్ళు తుడుచుకున్నాడు. శవాన్ని ఇంటికి పంపడానికి చందాలు పోగయ్యాయి, నిజమే, మనవాళ్ళు అందరూ ఇచ్చారు. ఆయనా ఇచ్చాడు. నేను లేచి తలుపు సంగతి ఎత్తాను. "పెద్దాయన బాగా కదిలిపోయారు, నీళ్ళివ్వండి," అన్నాడు మైకులో. ఎవరో నిజంగానే గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చారు. సభలో మిగతావాళ్ళు ఫోన్లలోకి తలలు వంచారు. సగంమంది ఇళ్ళల్లోనూ కింద పిల్లలు అద్దెకున్నారు మరి.

ఆ అమ్మాయి నాన్న ఫోన్ చేశాడు. ఏడవలేదు. మేస్త్రి ప్రశ్నలు అడిగాడు.

"గదికి వాటం ఎటుందండి?"

"లేదయ్యా."

"తలుపు ఎటు తెరుచుకునేదండి?"

"బయటికి."

 ఫోనులో వెనక సముద్రం మోత వినపడింది. అలవాటైన చెవి నాది.

"మేమెప్పుడూ లోపలికే పెడతామండి," అన్నాడు చివరికి. "బయటికి పెట్టమని ఎవరు ఒప్పుకున్నారండి?"

ఆ ప్రశ్నే నేను మునిసిపాలిటీకి రాశాను. ఆ తలుపును అలా తిప్పడానికి, వాగు పల్లంలో ఆ గొయ్యి తవ్వడానికి ఎవరు ఒప్పుకున్నారు? తనిఖీకి ఆమె సెలవు పెట్టి కూర్చున్న రోజు మీరెందుకు రాలేదు? ఆకులు రాలేటప్పుడు రాశాను. మంచులో రాశాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని, మర్యాద తగ్గకుండా రాశాను. తర్వాత తగ్గించి రాశాను. 'మీ సందేశం అందింది' అని మిషను జవాబిచ్చేది. ఆమె నీళ్ళు పోసిన కొత్త నగరానికి ఈలోగా శంకుస్థాపన అయింది. మేడలకు పునాదులు లేస్తున్నాయి. పక్కన పెద్ద బోర్డుమీద నవ్వే మొహాలు.

ఆ పాత ఇంటి మెట్లదగ్గర మొన్న ఇద్దరు అమ్మాయిలు సూట్‌కేసులు దింపుతుంటే చూశాను. ఒకమ్మాయి తలుపు బయటికి లాగి పట్టుకుంది, రెండో అమ్మాయి సామాను లోపలికి జరిపింది. ఉండబట్టక వెళ్ళి చెప్పాను. విన్నారు. "అడ్వాన్స్ ఇచ్చేశామండి అంకుల్," అంది ఒకతి, నెమ్మదిగా. "వేరే ఎక్కడా దొరకట్లేదండి."

ఇంటికి వచ్చి చూస్తే జవాబు వచ్చి ఉంది. ఈసారి మిషను రాసింది కాదు, కింద మనిషి పేరుంది. ఆ పేరు వదిలేసి, మిగతాది ఒక్క ముక్క మార్చకుండా తెలుగులో పెడుతున్నాను:

"అయ్యా, మీ ఉత్తరాలు అందాయి. మన తీరనగర ప్రణాళికపై మీరు చూపుతున్న ఆసక్తికి కృతజ్ఞతలు. సదరు చిరునామాలో కింది అంతస్తు తలుపు గురించి వచ్చిన ఫిర్యాదు మా రికార్డులలో ఉంది. మా అధికారి తనిఖీకి వెళ్ళిన రెండు సందర్భాలలోనూ లోపలినుంచి ఎవరూ తలుపు తీయలేదు. ఫిర్యాదుదారు ప్రస్తుతం ఆ చిరునామాలో నివసించడం లేదని తెలియవచ్చినందున, ఫిర్యాదు పరిష్కారమైనట్లు నమోదు చేసి ముగిస్తున్నాము. ఆ తలుపుతో ఇకముందు ఏదైనా ఇబ్బంది ఉంటే, ఇప్పుడు అక్కడ నివసిస్తున్నవారు కొత్తగా ఫిర్యాదు చేసుకోవచ్చు."